పిల్లలతో సముద్రం వెంట డేరాలు వేసుకుంటూ సాగే కారు ప్రయాణం ఎలా చేయాలి

ఊళ్లు వెనకబడి, ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గిపోయి, చివరికి రోడ్డు, సముద్రం, మీ కుటుంబం మాత్రమే మిగిలే ప్రయాణానికి సిద్ధమవుతున్నవారి కోసం ఈ వ్యాసం. పిల్లలను వెంటబెట్టుకుని ఇలాంటి తీరాల వెంట చాలాసార్లు తిరిగాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ఈ యాత్రలు సామాను చాలక చెడిపోవడం అరుదు, తొందరవల్ల చెడిపోవడం సర్వసాధారణం. చీకటి పడ్డాక చోటు వెతుక్కోవడం, పోటు వేళ చూసుకోకుండా డేరా వేయడం, వెనక సీట్లో పిల్లలు అలసి ఏడుస్తున్నా ఇంకో గంట నడిపితే చాలని ముందుకు పోవడం, ఇవన్నీ ఆ తొందర తెచ్చిపెట్టే ఇబ్బందులే. కాబట్టి సముద్రం వేళలను, సూర్యుడి వేళలను ముందుగా కాగితం మీద రాసుకుని, మీ ప్రయాణాన్ని వాటి మధ్య ఇమిడ్చుకోండి.

దూరాన్ని సగానికి తగ్గించుకోండి

తీరం వెంట సాగే రోడ్లు కొండల అంచులను, వాగులను, నదీ ముఖాలను చుట్టుకుంటూ పోతాయి కాబట్టి పటంలో వంద కిలోమీటర్లుగా కనిపించే దూరానికి రెండున్నర, మూడు గంటలు పట్టడం మామూలే. దానికి తోడు పిల్లలు ఆగమన్న చోటల్లా ఆగాలి, ఎందుకంటే ఆగడానికే కదా ఇంత దూరం వచ్చింది. మీరు మొదట వేసుకున్న ప్రణాళికలో రోజుకు ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో చూసి, దాన్ని నిర్మొహమాటంగా సగం చేయండి. రోజుకు నాలుగు గంటలకు మించి స్టీరింగు పట్టకుండా, ప్రతి మూడు రోజులకు ఒక రోజు అసలు కదలకుండా ఒకే మకాంలో ఉండేలా చూసుకుంటే, పిల్లలు ఆ చోటును తమదిగా చేసుకునే అవకాశం దొరుకుతుంది.

సూర్యాస్తమయానికి కనీసం మూడు గంటల ముందు మకాం చేరాలన్నది నేను ఎప్పుడూ సడలించని నియమం. డేరా వేయడానికి, వంట మొదలుపెట్టడానికి గంటన్నర పోతుంది. మిగిలిన గంటన్నర, చేరిన చోటు పనికిరాదని తేలితే ఇంకో చోటుకు వెళ్లడానికి మీ చేతిలో ఉండే వ్యవధి. ఆ వ్యవధి లేనప్పుడే మనుషులు పనికిరాని చోటు అని తెలిసి కూడా అక్కడే డేరా వేస్తారు.

బయలుదేరే ముందు ప్రతి మకాంలోనూ రాత్రి బసకు అనుమతి ఉందో లేదో కనుక్కోండి. చాలా తీరాలు రక్షిత ప్రాంతాలు, కొన్ని తాబేళ్లు, పక్షులు గుడ్లు పెట్టే కాలంలో మూసేస్తారు, కొన్ని చోట్ల ఇసుక మీదకు బండి దించడమే నిషేధం. ప్రతి మకాంకు ప్రత్యామ్నాయంగా ఇంకో చోటు రాసి పెట్టుకోండి. ఈ జాబితా అంతా, ఏ రోజు ఎక్కడ ఉంటారో తేదీలతో సహా, ఇంటి దగ్గర ఉండే నమ్మకస్తులైన ఒకరికి ఇచ్చి, ఫలానా రోజు ఫలానా వేళలోగా మా నుంచి కబురు రాకపోతే సహాయక సిబ్బందికి ఫోన్ చేయమని స్పష్టంగా చెప్పండి. సిగ్నల్ లేని చోట మీకు అన్నిటికన్నా గట్టి రక్ష ఆ ఒక్క మనిషే. పటాలను ఫోన్‌లోకి ముందే దింపుకోండి, కాగితం పటం కూడా ఒకటి ఉంచుకోండి. బాగా మారుమూల తీరమైతే ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరాన్ని అద్దెకైనా తీసుకోవడం మంచిది.

ఆటుపోట్ల పట్టిక చదవడం నేర్చుకోండి

తీరంలో మకాం వేసేవారికి ఇంతకన్నా పనికొచ్చే విద్య లేదు. ఇది కష్టమైనది కూడా కాదు. ఎక్కువ తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. ఒక పోటుకు, మరుసటి పోటుకు మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి, ఈ రోజు వచ్చిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి, ఆ తరువాత ఒకటి రెండు రోజులకు పోటు అన్నిటికన్నా పైకి వస్తుంది, ఆటు అన్నిటికన్నా దూరం పోతుంది. నీటిమట్టంలో ఈ తేడా ఒక్కో తీరంలో ఒక్కో రకంగా ఉంటుంది. మధ్యధరా సముద్రంలో చాలా చోట్ల అది కంటికి ఆనేంత కూడా ఉండదు, కెనడాలోని ఫండీ అఖాతంలో 16 మీటర్ల దాకా పోతుంది. అందువల్ల ఒక తీరంలో సంపాదించిన అనుభవాన్ని ఇంకో తీరానికి మోసుకుపోకండి. మీరు వెళ్లే చోటుకు దగ్గరి రేవు పట్టిక తీసుకుని, ప్రయాణంలో ప్రతి రోజుకూ పోటు వేళలు, ఎత్తులు రాసుకోండి.

నీరు ఒకే వేగంతో పైకి రాదన్న సంగతి చాలామందికి తెలియదు. ఆటు నుంచి పోటుకు పట్టే ఆరు గంటలను గంటల చొప్పున విడదీసి చూస్తే, మొత్తం పెరుగుదలలో మొదటి గంటలో పన్నెండో వంతు, రెండో గంటలో పన్నెండింట రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో ఒక్కోదానిలో మూడు వంతులు, ఆపైన రెండు, చివర ఒకటి వస్తాయి. అంటే సగం నీరు నడిమి రెండు గంటల్లోనే వచ్చి పడుతుంది. బండరాళ్ల గుంతల్లో పీతలను చూస్తూ మైమరచిన పిల్లలతో, కొండ మలుపు దాటి అవతలి ఇసుకకు నడిచి వెళ్లినవారు చిక్కుకుపోయేది ఆ రెండు గంటల్లోనే. అలాంటి నడకలకు ఆటు పూర్తికావడానికి గంట ముందు బయలుదేరి, నీరు తిరుగుముఖం పట్టగానే వెనక్కి వచ్చేయాలి.

పట్టికలోని ఎత్తు లెక్కవేసి చెప్పినదే గాని కొలిచి చెప్పినది కాదు. ఒడ్డుకేసి బలంగా గాలి వీస్తున్నా, గాలి పీడనం పడిపోయినా నీరు ఆ లెక్కను దాటి వస్తుంది. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పైగా పట్టిక చెప్పేది నీటిమట్టం మాత్రమే, దాని మీద అల ఎంత పైకి పాకుతుందన్నది వేరు.

ఇది నేను పుస్తకం చూసి నేర్చుకున్నది కాదు. మా మొదటి ప్రయాణంలో సాయంత్రం ఆటు వేళ చేరుకుని, చదునుగా, పొడిగా ఉన్న ఇసుక చూసి డేరా వేశాం. అక్కడికి నాలుగడుగుల కింద ఎండిన నాచు గీత ఒకటి కనిపించింది, సముద్రం అంతవరకే వస్తుందనుకున్నాను. అది అంతకు ముందటి పోటు గీత. ఆ రాత్రి పౌర్ణమి. రెండు గంటల వేళ మా చిన్నది లేచి దుప్పటి తడిగా ఉందంది. టార్చి వేసి చూస్తే గుమ్మం ముందు చెప్పులు నీటి మీద తేలుతున్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ చీకటిలో ఇద్దరు పిల్లలను చెరొకరం ఎత్తుకుని ఇసుక దిబ్బ ఎక్కిన ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే.

నీళ్లు, ఇంధనం, సామాను

ఎండ వేళల్లో తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు కనీసం ఐదు లీటర్లు, ఉప్పు కడుక్కోవడానికి ఇంకో రెండు మూడు లీటర్లు లెక్క వేసుకోండి. మొత్తానికి ఒక రోజు సరిపడా అదనంగా చేర్చండి. అదంతా ఒకే పెద్ద డ్రమ్ములో పోయకుండా నాలుగైదు క్యాన్లలో పంచుకుంటే, ఒకటి కారినా ప్రయాణం ఆగదు. గిన్నెలను మొదట సముద్రపు నీటితో తోమి, చివరి కడుగుకు మాత్రం మంచినీళ్లు వాడితే చాలా ఆదా అవుతుంది. ఐస్ పెట్టెలో విడి ఐసు ముక్కలకు బదులు గడ్డకట్టించిన మంచినీటి సీసాలు పెట్టండి, అవి ఎక్కువసేపు చల్లగా ఉంటాయి, కరిగాక తాగడానికి పనికొస్తాయి.

ట్యాంకు సగానికి రాగానే, తరువాతి బంకు దగ్గరలోనే ఉందని తెలిసినా, కనిపించిన చోట నింపుకోండి. స్పేర్ టైరులో గాలి ఉందో లేదో, జాకీ పనిచేస్తుందో లేదో ఇంటి దగ్గరే ఒకసారి చక్రం విప్పి చూసుకోవాలి. మెత్తని నేలలో జాకీ దిగబడకుండా దాని కిందకు మందపాటి చెక్క ఒకటి కావాలి. టైరుకు గాలి కొట్టే చిన్న పంపు, గాలి కొలిచే గేజీ, పార, ప్రతి మనిషికి తలకు కట్టుకునే టార్చి, మందుల పెట్టె, అందులో ఓఆర్‌ఎస్ పొట్లాలు, చిన్న చిమటా తప్పనిసరి. ఆటవస్తువులు ఎక్కువ తీసుకువెళ్లనవసరం లేదు, బకెట్టు, పార ఇస్తే పిల్లలకు రోజంతా సరిపోతుంది.

ఇసుక మీద బండి నడపవలసి వస్తే

అనుమతి ఉన్న చోట, అదీ ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితేనే ఈ పనికి పూనుకోండి. టైర్లలో గాలి తగ్గిస్తే అవి పరుచుకుని ఎక్కువ మేర ఇసుకను పట్టుకుంటాయి. రోడ్డు మీద 32 నుంచి 35 పీఎస్‌ఐ ఉండే గాలిని 18 నుంచి 20 దాకా తగ్గించి, వేగం తగ్గించి, హఠాత్తుగా మలుపు తిప్పకుండా నడపాలి, లేకపోతే టైరు రిమ్ము నుంచి ఊడివస్తుంది. ఆటుకు ముందు రెండు గంటలు, తరువాత రెండు గంటలు గట్టిగా ఉండే తడి ఇసుకలో ప్రయాణం సులువు. చక్రం దిగబడితే యాక్సిలరేటర్ తొక్కకండి, తొక్కినకొద్దీ అది గొయ్యి తవ్వుకుంటుంది. అందరినీ దింపి, చక్రాల ముందూ వెనకా ఇసుక తీసి, గాలి ఇంకొంచెం తగ్గించి, వచ్చిన జాడలోనే వెనక్కి తీయండి. తారు రోడ్డు ఎక్కేముందు గాలి తిరిగి నింపడం మరవకూడదు.

డేరాకు చోటు ఎంచుకోవడం

చోటు చేరగానే సామాను దించకుండా ముందు పది నిమిషాలు నడవండి. ఒడ్డున నాచు, గవ్వలు, పుల్లలు గీతలుగా పడి ఉంటాయి. తడిగా ఉన్నది ఈనాటి పోటు గీత, దాని పైన ఎండి పెళుసెక్కినది పెద్ద పోటుది, ఇంకా పైన దుంగలు, పాత వల ముక్కలు ఉన్నచోటు దాకా తుఫాను అలలు వచ్చాయని అర్థం. ఆ అన్నిటికీ పైన, వేళ్లూనిన మొక్కలు మొదలయ్యే చోటుకు వెనక డేరా వేయాలి. అయితే ఆ మొక్కల మీద మాత్రం వేయకూడదు, దిబ్బ గాలికి కొట్టుకుపోకుండా పట్టి ఉంచేవి వాటి వేళ్లే. కొండ చరియ నీడ ఎంత చల్లగా ఉన్నా దాని కింద మకాం వద్దు, రాళ్లు రాలి పడతాయి. నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేట అందంగా కనిపిస్తుంది గాని, ఎగువన వాన పడితే అది ఒక్క రాత్రిలో కొట్టుకుపోగలదు.

మామూలు మేకులు ఇసుకలో నిలవవు. చిన్న గుడ్డ సంచుల్లో ఇసుక నింపి, మూతి కట్టి, డేరా తాడును సంచి నడుముకు ముడివేసి, మోచేయి లోతు గోతిలో పాతి, పైన ఇసుక కప్పి తొక్కండి. సంచులు లేకపోతే అదే లోతులో కర్రముక్కను అడ్డంగా పాతినా సరిపోతుంది. ఈ పని పిల్లలు ఎంతో ఇష్టంగా చేస్తారు, ఒక్కొక్కరికి రెండు సంచులు అప్పగించండి. పగలు నేల వేడెక్కి గాలి సముద్రం నుంచి ఒడ్డుకు వీస్తుంది, రాత్రి నేల చల్లబడి ఒడ్డు నుంచి సముద్రానికి వీస్తుంది. సాయంత్రం ఉన్న గాలిని బట్టి ఒక వైపే తాళ్లు బిగిస్తే అర్ధరాత్రి రెండో వైపు లేచిపోతుంది కాబట్టి అన్ని వైపులా బిగించాలి. ఎంత చల్లగా ఉన్నా పైన గాలి పోయే కిటికీ కొంచెం తెరిచి ఉంచండి, లేకపోతే తెల్లవారేసరికి ఊపిరి తేమ అంతా గుడ్డకు పట్టి చుక్కలు చుక్కలుగా పడుతుంది.

వంట, నిప్పు

డేరా లోపల గాని, దాని గుమ్మంలో గాని, కారులో గాని పొయ్యి వెలిగించకూడదు. వాన పడుతున్నా సరే, చలిగా ఉన్నా సరే. మండేటప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు, నిద్రలో ఉన్నవారిని అది లేవనివ్వదు. వంటకు గ్యాసు పొయ్యి వాడి, గాలికి అడ్డంగా ఒక రేకు నిలబెట్టుకోండి.

నెగడు వేయడానికి అనుమతి ఉంటే పోటు గీతకు దిగువన, చిన్నదిగా వేయండి. ఆర్పే పద్ధతి దగ్గర మాత్రం చాలామంది తప్పు చేస్తారు. ఇసుక కప్పితే మంట పోతుంది, నిప్పులు పోవు. ఆ ఇసుక కింద అవి గంటల తరబడి రగులుతూనే ఉంటాయి, పై నుంచి చూస్తే మామూలు ఇసుకలాగే ఉంటుంది, మర్నాడు పొద్దున వట్టి కాళ్లతో పరుగెత్తి వచ్చే పిల్ల పాదం నేరుగా దాని మీద పడుతుంది. నిప్పుల మీద బకెట్లకొద్దీ నీళ్లు పోసి, కర్రతో కలియబెట్టి, మళ్లీ పోసి, అరచేయి కొంచెం ఎత్తులో పెట్టి వేడి తగలదని నిర్ధారించుకున్నాకే పడుకోండి.

పిల్లలు నీటిలో దిగేటప్పుడు

మారుమూల తీరంలో కాపలా గజ ఈతగాళ్లు ఉండరు కాబట్టి ఆ బాధ్యత మీదే. నీటి దగ్గర పిల్లలు ఉన్నంతసేపూ పెద్దల్లో ఒకరు కాపలాగా ఉండాలి, ఆ సమయంలో వారికి ఫోను, పుస్తకం, వంట, కబుర్లు ఏవీ ఉండకూడదు. ఇరవై నిమిషాలకొకసారి మారండి, మారేటప్పుడు ఇక చూసేది నువ్వే అని నోటితో చెప్పి అప్పగించండి. అందరూ చూస్తున్నారనుకున్నప్పుడు ఎవరూ చూడరు. పిల్లలకు నీలం, తెలుపు బట్టలు కాకుండా గాఢమైన నారింజ రంగు బట్టలు వేయండి, నీలం రంగు రెండడుగుల నీటిలోనే కనపడకుండా పోతుంది.

దిగే ముందు ఎత్తైన చోట నిలబడి పది నిమిషాలు అలలను చూడండి. అలలు వరుసగా విరుగుతున్న తెల్లటి నురగ మధ్య ఒక చోట మాత్రం అలలు విరగకుండా, నీరు కాస్త ముదురు రంగులో, నిదానంగా కనిపిస్తే అదే రిప్ కరెంటు, ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగి సముద్రంలోకి పోయే దారి. ప్రశాంతంగా ఉందని తెలియనివారు ఎంచుకునేది సరిగ్గా ఆ చోటునే. అది మనిషిని అడుక్కి లాగదు, లోపలికి తీసుకుపోతుంది. దానికి ఎదురీదితే ఎంత గొప్ప ఈతగాడైనా అలసిపోతాడు. వెల్లకిలా తేలుతూ, చేయెత్తి పిలుస్తూ, శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈది, నురగ ఉన్న చోటు నుంచి బయటికి రావాలి. ఈ మాటలు పిల్లలకు ఇంట్లోనే చెప్పి, ఇసుకలో గీత గీసి మళ్లీ చూపించండి. కొట్టుకుపోతున్న పిల్ల వెంట ఏమీ పట్టుకోకుండా దూకకండి, ఖాళీ క్యాను, బోర్డు, నీటిపై తేలేది ఏదైనా చేతపట్టుకుని వెళ్లండి.

ఇసుకలో గోతుల గురించి పెద్దలు పట్టించుకోరు. లోతు గోతి అంచు ఉన్నట్టుండి కూలితే లోపలి పిల్లను తీయడానికి చాలా కష్టమవుతుంది, తవ్వినకొద్దీ ఇసుక జారుతూనే ఉంటుంది. అందరిలో చిన్నపిల్ల మోకాలి కన్నా లోతు తవ్వనివ్వకండి, వెళ్లేటప్పుడు పూడ్చి వెళ్లండి.

ఎండ పై నుంచే రాదు. పొడి ఇసుక అతినీలలోహిత కిరణాల్లో సుమారు 15 శాతాన్ని, సముద్రపు నురగ 25 శాతాన్ని తిరిగి పైకి కొడతాయి, అందుకే గొడుగు కింద కూర్చున్న పిల్లలకు కూడా ముఖం కమిలిపోతుంది. పొడుగు చేతుల చొక్కా, అంచు వెడల్పుగా ఉన్న టోపీ, రెండు గంటలకొకసారి సన్‌స్క్రీన్, ఇవన్నీ కావాలి. జెల్లీచేప తగిలితే రుద్దకుండా, చిమటాతో తంతువులు తీయండి. వెనిగర్ కొన్ని జాతులకు మేలు చేస్తుంది, కొన్నిటికి కీడు చేస్తుంది కాబట్టి ఆ తీరంలో ఏ జాతి ఉందో, ఏం చేస్తారో స్థానిక మత్స్యకారులను చేరిన రోజే అడిగి ఉంచుకోండి.

ఆకాశం, సముద్రం ఇచ్చే హెచ్చరికలు

మెరుపుకు, ఉరుముకు మధ్య అంకెలు లెక్కపెట్టండి. ముప్పై సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే అందరూ డేరా వదిలి కారులోకి వెళ్లి తలుపులు మూసుకోవాలి, చివరి ఉరుము తరువాత ముప్పై నిమిషాల దాకా దిగకూడదు. డేరా మెరుపు నుంచి కాపాడదు, లోహపు పైకప్పు ఉన్న కారు కాపాడుతుంది.

నేల గట్టిగా, చాలాసేపు కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయి అడుగు బయటపడినా, చూడడానికి ఆగకుండా ఎత్తుకు పరుగెత్తాలి. 2004 డిసెంబర్ 26న థాయ్‌లాండ్‌లోని మై ఖావో తీరంలో, రెండు వారాల ముందే బడిలో సునామీ పాఠం విన్న పదేళ్ల బాలిక నీరు నురగలు కక్కుతూ ఎగయడం గమనించి తల్లిదండ్రులకు చెప్పడంతో ఆ తీరాన్ని ఖాళీ చేయించారు, అక్కడివారు బతికి బయటపడ్డారు. అందువల్ల ఈ సంకేతాలు పెద్దలకే కాక పిల్లలకూ తెలిసి ఉండాలి, వారు చెప్పినప్పుడు మీరు వినాలి. ప్రతి మకాంలో మొదటి సాయంత్రమే ఎత్తైన చోటుకు దారి ఏదో అందరూ కలిసి ఒకసారి నడిచి చూడండి, సూర్యాస్తమయం చూడడానికి కూడా అదే మంచి చోటు.

మకాం ఎత్తేటప్పుడు

తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమైతే రాత్రి తెల్లటి దీపాలు వెలిగించకండి. గూటి నుంచి వచ్చిన పిల్ల తాబేళ్లు వెలుతురు ఎక్కువ ఉన్న వైపే సముద్రం అనుకుని నడుస్తాయి, మీ దీపం వాటిని మెట్ట మీదకు రప్పిస్తుంది. ఎర్ర వెలుతురు టార్చి, అదీ అవసరమైనంత సేపే వాడండి. మలవిసర్జనకు మూత ఉన్న బకెట్టు మరుగుదొడ్డి తీసుకువెళ్లి, తిరిగి తీసుకురావడం ఉత్తమం. అది కుదరకపోతే నీటికి, మకాంకు కనీసం 60 మీటర్ల దూరంలో, మట్టి ఉన్న చోట 15 నుంచి 20 సెంటీమీటర్ల గొయ్యి తవ్వి పూడ్చండి. చెత్త ఒక్క ముక్క కూడా మిగలకుండా ఏరడానికి పిల్లలను వరుసగా నిలబెట్టి, ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిపించండి. చిన్నవాళ్ల కళ్లకు మనకు కనపడనివి కనపడతాయి.

ఇల్లు చేరిన రోజే, ఎంత అలసటగా ఉన్నా, కారు అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడిగించండి. డేరా జిప్పులను, ఊచలను కడిగి, పూర్తిగా ఆరాక మడవండి, ఉప్పు పట్టిన జిప్పు నెల తిరిగేసరికి బిగుసుకుపోతుంది. ఆ మడతలోనే తరువాతి మకాంల జాబితా కాగితం కూడా పెట్టి ఉంచండి.